గతించినవారి స్మరణము

ఆత్మీయులైన బంధువులు గతించిన పిమ్మట వారిని తలచుకొనుట ధర్మమా, మోహమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మరణమెంత ప్రాచీనమో యిదియు నంత ప్రాచీనము. అయినను తన యింట శవము తలకడ దీపము వెలిగించిన నాడు ప్రతి మనుజుడును దీనిని మొదటిసారి విన్నట్లే వినును. ఇతరుల దుఃఖమును గూర్చి మనము విన్నదియు, ఇతరులకు మనము చెప్పినదియు ఆనాడు ఎందులకును పనికిరాదు.

ఈ ప్రశ్నను నేను గ్రంథములలో పలుమార్లు చదివితిని. అనువాదము నాకు నియమింపబడిన పని యగుటచే, దీనికి సంబంధించిన వాక్యములకు తగిన తెలుగు మాటల కొఱకు దినముల తరబడి వెదకిన సందర్భములును గలవు. కాని దీని బరువు నాకు తెలిసినది గ్రంథములవలన గాదు, ఇద్దరు స్త్రీలవలన. ఒకరు మా ఆశ్రమమునకు అప్పుడప్పుడు వచ్చు ఒక ఉపాధ్యాయిని. మఱియొకరు నన్ను పెంచిన మేనత్త. సన్న్యాసి తన పూర్వాశ్రమమును ప్రస్తావించుట సంప్రదాయము గాదు. ఆ నియమము మంచిదే. ఈ యొక్క పర్యాయము దానిని కొంత సడలించుటకు గల కారణము వ్యాసము ముగియులోపల పాఠకులకే బోధపడగలదు.

ఒకనాటి సాయంకాలము, హారతి ముగిసిన పిదప, ఆ ఉపాధ్యాయిని వచ్చి కూర్చుండెను. ఆమె అమ్మమ్మగారు మరణించి పదునాలుగు మాసములైనది. సంవత్సరీకము జరిగినది. తల్లిదండ్రులు ఉద్యోగములకై దూరదేశమున నుండుటచే ఆమెను చిన్ననాటినుండి సాకినది ఆ అమ్మమ్మయే. వృద్ధురాలు ఒకనాడు ఫోను చేయగా ఆమె అందుకొనలేకపోయినది. ఆనాడు అమ్మమ్మ పలికిన నాలుగు మాటలు ఫోనులోనే నిలిచిపోయినవి. "ఏమే, తిన్నావా?" అని అవి మొదలగును. ప్రతి రాత్రియు ఆమె వానిని వినును. విననిదే నిద్ర పట్టదు. వినిన పిదపను నిద్ర పట్టదు.

"స్వామీజీ, పండితులు పోయినవారి కోసం దుఃఖపడరని గీతలో ఉంది కదా. నేను ఏడవడం తప్పా? ఆ మాటలు చెరిపేయమని మావారు అంటున్నారు. చెరిపేస్తే అమ్మమ్మను నా చేతులతో మళ్ళీ పంపించేసినట్టు ఉంటుంది" అని ఆమె యడిగెను.

నాకు కంఠస్థమైన సమాధానమును నేను చెప్పితిని. ఆత్మకు జననమరణములు లేవంటిని. దేహము ధరించి విడుచు వస్త్రమువంటి దంటిని. శోకమునకు మూలము అజ్ఞానమంటిని. ఇందులో అసత్యమేదియు లేదు. ఆమె చేతులు జోడించుకొని శ్రద్ధగా విని, "నిజమే స్వామీజీ" అని లేచి వెడలిపోయెను. ఆ 'నిజమే' అను మాటలో ఊరట లేదు. పెద్దలు చెప్పినదానిని కాదనరాదను మర్యాద మాత్రమే యుండెను. ఆ రాత్రి నాకును నిద్ర పట్టలేదు. ఏలయన, అట్టి 'నిజమే' అను మాట నాకు కొత్తది కాదు.

మా మేనత్త ఇరువదియేండ్లు నిండకమునుపే భర్తను కోల్పోయి పుట్టినింటికి వచ్చి చేరెను. కృష్ణాతీరమున ఒక చిన్న గ్రామము. ఆమెకు సంతానము లేదు. మా తల్లి నా శైశవముననే గతించుటచే నన్ను ఆమె చేతులలో పెట్టిరి. తెల్లవారుజామున ఆమె మజ్జిగ చిలుకు చప్పుడే నాకు మేలుకొలుపు. విశ్వవిద్యాలయమున చదువు ముగించి నేను ఆశ్రమమున చేరుటకు బయలుదేరినపుడు ఇంటిలోని వారందఱును కోపించిరి. ఆమె మాత్రము ఏమియు ననక, ఒక డబ్బా నిండ కందిపొడి పోసి నా సంచిలో పెట్టి, "అక్కడ కారం తక్కువ తింటారేమోరా" అనెను. నా వైరాగ్యమునకు ఆమె యిచ్చిన అనుజ్ఞ అదియే.

సన్న్యాసము స్వీకరించిన కొన్ని సంవత్సరములకు, ఆమె కాళ్ళనొప్పులచే నడువలేక మంచము పట్టినదని నాకు కబురు వచ్చెను. పోయి చూచి వచ్చెదనని అడిగినచో పెద్దలు వలదనియుండరు. నేనే యడుగలేదు. వెళ్ళినచో మనస్సు చలించునేమో యని భయపడి, ఆ భయమునకు వైరాగ్యమని పేరు పెట్టుకొంటిని. బదులుగా ఒక దీర్ఘమైన లేఖ వ్రాసితిని. అందు దేహముయొక్క అనిత్యత్వమును, ఆత్మయొక్క నిత్యత్వమును చక్కని భాషలో వివరించితిని. ఆమెకు చదువు రాదు. మా చిన్నాన్నగారి కుమార్తె ఆ లేఖను చదివి వినిపించినదట. అంతయు విని ఆమె "నిజమే" అనినదట. కొంతసేపటికి, "వాడు బాగా చదువుకున్నాడమ్మా. నా కాళ్ళనొప్పి ఎట్లా ఉందని మటుకు అడగలేదు" అనినదట. నాలుగు మాసములకు ఆమె మరణించెను. ఈ మాట నాకు తెలిసినది అటు తరువాతనే.

ఆ మాటలో నింద లేదు. ఆమెకు నిందించుట తెలియక కాదు. ఆమె నాలుక చాల పదునైనది. కాని ఆనాడు ఆమె నిందింపలేదు. ఉన్నదున్నట్లు చెప్పినది. అందులకే అది నన్ను విడువలేదు.

*

గతించినవారి విషయమున మనకు సులభముగా లభించు సమాధానములు రెండు. మొదటిది: "అంతయు మాయ, మరచిపొమ్ము" అనునది. రెండవది: "వారు నా ప్రాణము, మరువనే మరువను" అనునది. మొదటిదానిని చదువుకొన్నవారు చెప్పుదురు. రెండవదానిని దుఃఖితులు చెప్పుదురు. ఈ రెంటిలో ఏదియు గతించినవారిని గూర్చి చెప్పునది కాదను సంగతి నాకు చాల ఆలస్యముగ తెలిసినది. రెండును చెప్పువానిని గూర్చినవే.

మొదట గీతామాట విచారింతము. భగవానుడు ఆ యుపదేశమును ఎవనికి, ఎప్పుడు చేసెను? యుద్ధారంభమున, భీష్మద్రోణులు ఇంకను సజీవులై ఎదుట నిలిచియుండగా, తన కర్తవ్యమును విడిచి రథమున కూలబడిన అర్జునునకు చేసెను. అది కర్తవ్యవిముఖుని నిలువబెట్టుటకు చెప్పిన మాట. పుత్రశోకమున మునిగినవానిని ఓదార్చుటకు చెప్పినది కాదు. అట్టి సందర్భమును ఆ పిదప వచ్చినది. గీతోపదేశము జరిగిన పదుమూడవ దినమున అభిమన్యుడు పద్మవ్యూహమున కూలెను. సాక్షాత్తుగ భగవానుని ముఖమునుండి గీతను వినిన అర్జునుడు ఆ సాయంకాలము బిగ్గఱగ నేడ్చెను. అప్పుడు శ్రీకృష్ణుడు "నీకు నేను చెప్పినదంతయు ఏమైనది?" అని అడుగలేదు. అతనిని పట్టుకొని ఓదార్చెను. పిమ్మట తన చెల్లెలగు సుభద్ర యొద్దకు స్వయముగ పోయి, ఆ బాలుని శౌర్యమును, అతడు పుట్టిన వంశమును, వీరులు కోరెడు గతిని అతడు పొందిన విధమును చెప్పి ఊరడించెను. అనగా, ఆమె బిడ్డను గూర్చియే ఆమెతో మాటలాడెను. ద్రోణపర్వములోని యీ ఘట్టమును మఱచి, గీతలోని రెండవ అధ్యాయమును మాత్రము జ్ఞప్తియందుంచుకొనువారు గీతనైనను సరిగ చదివినట్లు చెప్పజాలము. నేనును అట్టివారిలో నొకడనే.

శ్రీరామకృష్ణ పరమహంసుల జీవితమునను ఇట్టి దృష్టాంతమొకటి కలదు. ఆయన అన్నగారగు రామకుమారుని కుమారుడు అక్షయుడు. పుట్టినప్పుడే తల్లిని కోల్పోయిన ఆ బాలుని పరమహంసలు ఎంతయో ప్రేమతో చూచుచుండిరి. అతడు పెద్దవాడై దక్షిణేశ్వరమున అర్చకుడుగ నుండి, 1869 ప్రాంతమున యువకుడుగనే మరణించెను. అతడు ప్రాణము విడుచునపుడు పరమహంసలు ప్రక్కనే నిలిచి, ఒరనుండి కత్తి వెడలినట్లు దేహమునుండి జీవుడు వెడలుటను చూచి, కత్తికి ఏ హానియు లేదని ఆనందించిరట. కాని మఱునాడు, దేవాలయపు ముంగిట నిలిచియుండగా, తడిగుడ్డను పిండినట్లు తన హృదయమును ఎవరో పిండుచున్నట్లు ఆయనకు తోచినది. తనకే యిట్లున్నచో సంసారుల బాధ యెట్టిదై యుండునో యని ఆయన ఆలోచించిరి. తరువాత శిష్యులకు దీనిని ఆయనయే చెప్పిరి, దాచుకొనలేదు.

ఇచ్చట గమనింపవలసినది కలదు. మొదటి దినపు దర్శనమును రెండవ దినపు దుఃఖము అసత్యము చేయలేదు. దుఃఖమును దర్శనము నిషేధింపలేదు. ఆ దుఃఖము ఆయనను ఎచ్చటికి తీసికొనిపోయినది? తన బాధను పట్టుకొని కూర్చుండుటకు గాక, లోకములో పుత్రులను కోల్పోయినవారి వేదనను తెలిసికొనుటకు తీసికొనిపోయినది. స్మరణము మోహమగునో ధర్మమగునో నిర్ణయించునది ఇదియేనని నాకు తోచుచున్నది. కన్నీరు కార్చుట మోహమునకు గుర్తు కాదు. కార్చకుండుట జ్ఞానమునకు గుర్తు కాదు. ఆ కన్నీరు మనలను ఎవరి వైపునకు త్రిప్పుచున్నదో చూచుకొనవలెను.

*

బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన బోధ మన పాఠకులకు సుపరిచితము. భర్తయు, భార్యయు, పుత్రులును ప్రియులగుట వారి నిమిత్తము గాదనియు, ఆత్మ నిమిత్తమే యనియు అతడు చెప్పెను. దీనిని విన్నవెంటనే ప్రేమయంతయు స్వార్థమని ఋషి కొట్టివేసినట్లు మనకు తోచును. కాని దుఃఖమున పడినవాడు ఈ బోధను తన అనుభవముతో సరిచూచుకొన్నచో అందులో రెండు మెట్లు కనబడును.

మొదటి మెట్టు కొంత అవమానకరమైనది. నేను మా మేనత్తను తలచుకొనునపుడు నా మనస్సున మెదలునవి ఏవి? ఆమె నాకు కలిపి పెట్టిన అన్నము. నాకు జ్వరము వచ్చిన రాత్రి నా నుదుట నుంచిన చేయి. నా సంచిలో పెట్టిన కందిపొడి. అన్నిటను నేనే యున్నాను! ఆమె యుండుట నా కొఱకే. ఆమెకు ఏ పాట యిష్టమో నాకు తెలియదు. భర్త పోయిన పిదప ఆమె ఏమి కోరుకొన్నదో నేనెన్నడును అడుగలేదు. ఇరువదియేండ్ల వయస్సున ఆమెకును ఒక జీవితము ముందుండెనను సంగతియే నాకు ముప్పదియేండ్లు దాటిన పిదపగాని తోచలేదు. నేను స్మరించుచున్నది ఆమెనా, ఆమెవలన నాకు గలిగిన సుఖమునా? కాళ్ళనొప్పిని గూర్చి అడుగని లేఖయు, కన్నీటితో చేసిన ఈ స్మరణయు ఒకే చెట్టు కాయలు. ఒకదానిలో ఆమెకు బదులు సిద్ధాంతమున్నది. వేఱొకదానిలో ఆమెకు బదులు నేనున్నాను.

రెండవ మెట్టు ఇంతకంటె ఉన్నతమైనది. ఋషి చెప్పిన ఆత్మ నా యీ చిన్న 'నేను' కాదు. ఆమెలో నున్నదియు, నాలో నున్నదియు, ఆమె యెన్నడును చూడని అపరిచితునిలో నున్నదియు నగు ఒక్కటే వస్తువు. చిన్న 'నేను' కొంత తొలగినపుడే ఆమెను ఆమెగ చూచుటకు వీలగును. ఆమెను ఆమెగ చూచినపుడే, ఆమెవంటి ఇతరులును కంటబడుదురు. కావున స్మరణమును విడువనక్కరలేదు. దానిని శుద్ధి చేసికొనవలెను.

శుద్ధికి మొదటి సాధనము సత్యము. గతించినవారిని గూర్చి మంచియే చెప్పవలెనని లోకమర్యాద. పరులయెదుట ఆ మర్యాదను పాటించుట యుక్తమే. కాని మన యంతరంగమున వారిని పటమునందలి దేవతలుగ మార్చుకొనుట వారిని మఱచుటలో నొక విధము. పటమునకు వేసిన పూలదండ వారి ముఖమును కప్పివేయకూడదు. మహాభారతమున స్త్రీపర్వాంతమున పాండవులు గంగాతీరమున మృతులకు జలతర్పణము చేయ సిద్ధపడినపుడు, కుంతీదేవి అంతవఱకు దాచిన రహస్యమును వెల్లడించి, కర్ణుడు వారి అగ్రజుడనియు, అతనికిని నీరు విడువవలెననియు చెప్పెను. ధర్మరాజు ఆ మాట విని మిక్కిలి పరితపించెను. గోత్రనామములు చెప్పక తర్పణము లేదు. నిజమైన పేరు చెప్పనిదే నీరు చేరదు. ఆ తల్లి అంతకాలము మోసిన మౌనమును ఛేదించినది ఆ దోసెడు నీరే.

మా మేనత్తను గూర్చియు నేను నిజము చెప్పవలెను. ఇంటిలో అందఱి భోజనములైన పిదప ఆమె ప్రతి దినమును ఒక గిన్నెతో పెరటి గుమ్మమునకు పోయెడిది. పొలము పనికి వచ్చు కూలివాని బిడ్డ యచ్చట నిలిచియుండెడిది. ఆమె ఒక్కనాడును ఆ బిడ్డకు అన్నము పెట్టుట మఱువలేదు. అట్లే, ఒక్కనాడును ఆ బిడ్డను గుమ్మము దాటి రానీయలేదు; అన్నమును ఎత్తునుండి జారవిడిచెడిది. మడి యని చెప్పెడిది. నేను చిన్నతనమున ఆమె దయను మాత్రమే చూచితిని. పెరిగి చదువుకొన్న పిదప కొంతకాలము ఆమె దూరమును మాత్రమే చూచితిని. ఆమె పెట్టిన అన్నము నిజము. ఆమె నిలిపిన దూరమును నిజమే. ఆ బిడ్డ ఆకలిగొని వచ్చి కడుపు నిండి వెళ్ళినది. అవమానమును గూడ మోసికొని వెళ్ళినది. ఈ రెంటిలో దేనిని విడిచినను నేను స్మరించునది మా మేనత్తను గాదు. ఆమె అన్నమును నేను కొనసాగింపవలెను. ఆమె దూరమును నేను ముగింపవలెను. వంశమునందు పుట్టినవాడు పెద్దలకు తీర్చవలసిన ఋణములో వారు చేయలేకపోయినది చేయుటయు చేరియున్నది.

*

మన పూర్వులు స్మరణమును మనస్సునకే విడిచిపెట్టక దానికొక కర్మరూపము నిచ్చిరి. శ్రాద్ధతర్పణములను కేవలము తంతులుగ చూచువారు వాని నిర్మాణమును ఒకసారి పరిశీలించినచో ఆశ్చర్యపడుదురు.

శోకించువాడు ప్రతిక్షణమును శోకింపనక్కరలేదని శాస్త్రము తిథిని నిర్ణయించినది. ఆ దినము మాత్రము మఱువరాదని నియమించినది. పేరు చెప్పి పిండము పెట్టుట తండ్రి, తాత, ముత్తాత యను మూడు తరములకే. వారిని వసు, రుద్ర, ఆదిత్య రూపులుగ భావింతురు. క్రొత్తగ గతించినవాడు సపిండీకరణముచే పితృపంక్తిలో చేరినపుడు, పైనున్నవాడు పేరు విడిచి సామాన్య పితృగణమున కలిసిపోవును. దీనిలో కృతఘ్నత లేదు. ఏ జీవుని నామరూపములను శాశ్వతముగ బంధించి యుంచుటకు మనకు హక్కు లేదను వివేకము కలదు. మఱచుటకును ఒక ధర్మము, ఒక క్రమము గలవని దీనివలన తెలియును.

గయాక్షేత్రమున మాతృషోడశి యని తల్లికి పదునాఱు పిండములు ప్రత్యేకముగ పెట్టుదురు. ఒక్కొక్క పిండమునకును తల్లి పడిన ఒక్కొక్క కష్టము చెప్పబడును. గర్భభారము, ప్రసవవేదన, బిడ్డకై మేలుకొన్న రాత్రులు, ఇట్లు ఒకదానివెంట నొకటి. కుమారుడు 'నా తల్లి నన్ను ప్రేమించెను' అని సులభముగ తప్పించుకొనుటకు వీలులేదు. ఆమె దేహము పడిన శ్రమను వరుసగ చెప్పి ఒప్పుకొనవలెను. ఆమె కాళ్ళనొప్పి ఎట్లున్నదని అడుగుటయే గదా ఇది!

మహాలయపక్షమున చేయు తర్పణము ఇంకను విశాలమైనది. తల్లిదండ్రుల వంశములతో ఆరంభమై, పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అక్కచెల్లెండ్రు, అత్తమామలు, గురువు, మిత్రుడు వఱకు సాగును. వీరికి కారుణ్యపితరులని పేరు. కరుణయే ఇచ్చట బంధుత్వము. మాఘమాసమున భీష్మునకు అందఱును నీరు విడుతురు. సంతానము లేని ఆ పితామహునకు లోకమంతయు సంతానమే. తర్పణము చివరను, తల్లి, తండ్రి, మిత్రుడు, బంధువు ఎవరును లేక, నీరిచ్చు దిక్కులేక పోయినవారందఱును తృప్తి నొందుదురుగాక యని చెప్పి నీరు విడిచి ముగింతురు. తన తండ్రితో ఆరంభించినవాడు ఎవరికిని ఏమియు కానివారితో ముగించుచున్నాడు! ప్రియమైన ఒక్కని మరణమునుండి సర్వభూతములవఱకు హృదయమును నడిపించుటకు ఇంతకంటె సరళమైన మార్గము నాకు కనబడలేదు.

కాని నాకు ఆ యధికారము లేదు. సన్న్యాసము స్వీకరించువాడు తన పితరులకు మాత్రమే గాక తనకును శ్రాద్ధము పెట్టుకొని, కర్మకాండనుండి బయటికి వచ్చును. కావున మా మేనత్తకు ఒక దోసెడు నీరు విడుచుటకైనను నేను అర్హుడను గాను. వాయుపురాణమందలి గయామాహాత్మ్యమున, భిక్షువు గయకు పోయినపుడు పిండము పెట్టనక్కరలేదనియు, విష్ణుపాదమున తన దండము నుంచినంతమాత్రమున పితరులతోగూడ ముక్తుడగుననియు చెప్పబడినది. దండము అతని త్యాగచిహ్నము. అనగా, అతని జీవితమే అతడు సమర్పింపదగిన పిండము. ఇది మినహాయింపువలె కనబడును గాని, యథార్థముగ బరువైన ఋణము. కర్మ చేయువాడు సంవత్సరమున కొక దినమున తీర్చుకొనుదానిని, కర్మ విడిచినవాడు ప్రతిదినమును తీర్చుకొనవలెను.

శంకరభగవత్పాదుల కథ యీ సందర్భమున తప్పక తలపునకు వచ్చును. సన్న్యసించి గృహము విడుచునపుడు, అంత్యకాలమున తాను వచ్చెదనని ఆయన తల్లికి మాట యిచ్చిరి. ఆమె మరణకాలమున కాలడికి మరలి వచ్చి, సన్న్యాసికి కర్మాధికారము లేదని జ్ఞాతులు సహాయమును నిరాకరించినను, తామే స్వయముగ దహనసంస్కారమును నెఱవేర్చిరని శంకరవిజయములు చెప్పుచున్నవి. జగత్తు మిథ్య యని లోకమునకు బోధించిన ఆచార్యుడు తల్లికి యిచ్చిన మాటను మిథ్య యనలేదు. నేను మంచము పట్టిన మేనత్తకు పంపిన లేఖలో ఆ యాచార్యుని వాక్యములే యెక్కువగ నుండెను. ఆయన చేసిన పని మాత్రము లేదు.

*

ఆ ఉపాధ్యాయిని కొన్ని వారముల పిదప మరల వచ్చెను. ఈ పర్యాయము నేను ఏ బోధయు చేయలేదు. "అమ్మా, మీ అమ్మమ్మగారు ఎట్లాంటివారు?" అని మాత్రము అడిగితిని. ఆమె కొంత సంకోచించి మొదలుపెట్టి, చాలసేపు చెప్పెను. ఆ వృద్ధురాలు పొరుగువారితో గోడ విషయమై సంవత్సరముల తరబడి తగవులాడిన సంగతి చెప్పి నవ్వెను. తన తల్లికి చదువు మాన్పించినది ఆ అమ్మమ్మయేనని చెప్పి కొంత తడవు ఊరకుండెను. తన్ను చదివించుటకు చేతిగాజులు అమ్మినదియు ఆమెయే. "ఆ తిన్నావా అనే మాట నన్నొక్కదాన్నే కాదు స్వామీజీ, ఇంటికి పాలు పోసే అబ్బాయిని, ఉత్తరం తెచ్చినవాణ్ణి, చివరికి కరెంటు బిల్లు కోసం వచ్చినవాణ్ణి కూడా అడిగేది" అని ఆమెయే తలచుకొని చెప్పెను. ఆ మాట చెప్పుచు ఆగి, ఏదియో క్రొత్తది వినినట్లు నా వైపు చూచెను.

ఫోనులోని మాటలను చెరిపివేయనక్కరలేదని నేను చెప్పితిని. ప్రతి రాత్రియు విననక్కరయు లేదంటిని. ఆ కంఠస్వరము అడుగుచున్నది ప్రశ్న. ప్రశ్నను మరల మరల వినుట సమాధానము చెప్పుట కాదు. ఆమె పాఠశాలకు ఉదయమున ఏమియు తినకయే వచ్చు పిల్లలు కొందఱు కలరు. ఆ ప్రశ్నను వారిలో నొకరిని అడిగి చూడుమంటిని. ఆమె అటుపిమ్మట అడుగుచున్నది. ఆమె దుఃఖము తీరినదని నేను చెప్పజాలను. ఇప్పటికిని కొన్ని రాత్రులు ఆ మాటలు వినుచున్నానని ఆమెయే చెప్పినది. వినిన తరువాత నిద్ర పట్టుచున్నదని గూడ చెప్పినది.

మా ఆశ్రమమున వారమున కొక దినము ఉచిత వైద్యము జరుగును. వైద్యుని గదియెదుట బల్లపై వృద్ధులు వరుసగ కూర్చుండి తమ వంతునకై వేచియుందురు. వారిలో పెక్కండ్రకు మోకాళ్ళనొప్పులే. నేను వైద్యుడను గాను. వారికి నావలన కాదగిన చికిత్స ఏదియు లేదు. అయినను ఆ దినమున అనువాదపు పనిని ఒక గంటసేపు ప్రక్కన పెట్టి ఆ బల్లపై వారి నడుమ కూర్చుండి, ఒక్కొక్కరిని అడుగుదును. కొందఱు చాలసేపు చెప్పుదురు. కొందఱు "ఏముంది స్వామీ, అట్లాగే ఉంది" అని నవ్వి యూరకుందురు. వారి మాటలు వినుటయే నా పని.

దీనిచే నా తప్పు తీరినదని నేను అనుకొనుట లేదు. ఆమె యడుగవలెనని కోరినది తన కాళ్ళను గూర్చియే గాని పరుల కాళ్ళను గూర్చి కాదు. గతించినవారి విషయమున మనము చేసిన లోపములు కొన్ని ఎన్నటికిని పూడవు. పూడినవని చెప్పుకొనుట మఱియొక అసత్యము. ఆ ఖాళీ అట్లే యుండును. కాని దానిని మూసివేయక తెఱచియుంచినచో, అది గుమ్మమగును. దానిగుండ ఇతరులు లోనికి రాగలరు.

కావున, గతించిన తమవారిని తలచుకొని కన్నీరు పెట్టు సోదరసోదరీమణులు సిగ్గుపడనక్కరలేదు. తలచుకొనుడు. వారి మంచిని తలచుకొనుడు. వారి లోపములను సైతము తలచుకొనుడు. మీరు వారికి చేయక విడిచినదానిని తప్పక తలచుకొనుడు. కాని ఇంటిలో ఇంకను సజీవులైనవారొకరు ఏ మూలనో మంచముపై నుందురు. స్మరణము ముగించి లేచిన పిదప మొదట వారి యొద్దకు పొండు. శాస్త్రములు తరువాత చెప్పవచ్చును. ముందు వారి నొప్పి ఎట్లున్నదో అడుగుడు.